పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్: ఇంకో స్టిక్ కలపాలా, ఉన్నవి తీసేసి కొత్తవి వేయాలా, అసలు లోటు ర్యామ్‌దేనా?

సిస్టమ్ బాగా స్లో అయింది, ర్యామ్ పెంచితే సరిపోతుందా అని ఎవరడిగినా నేను ముందు ఒకటే అడుగుతాను: స్లో అయిన ఆ నిమిషంలో టాస్క్ మేనేజర్ (ర్యామ్, డిస్క్, ప్రాసెసర్ ఎంత వాడుకలో ఉన్నాయో చూపే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి చూశారా? చాలామంది చూసి ఉండరు. ర్యామ్ పెంచడం అందరికీ తెలిసిన వైద్యం కాబట్టి రోగం ఏమిటో చూడకుండానే కొనేస్తారు. వేశాక మళ్లీ అడుగుతారు, "8 జీబీ చేశాను, అయినా ఆన్ అవ్వడానికి నాలుగు నిమిషాలు పడుతోంది, ఎందుకు?" అని. ఆ నాలుగు నిమిషాలకీ ర్యామ్‌కీ పెద్దగా సంబంధం ఉండదు, అది హార్డ్ డిస్క్ నెమ్మదితనం. డబ్బు ఖర్చయ్యాక ఈ మాట చెప్పాల్సి రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాబట్టి కొనడానికి ముందు ఒక పది నిమిషాలు కేటాయించండి. రోజూ చేసే పనే చేయండి, బ్రౌజర్‌లో మామూలుగా ఎన్ని ట్యాబ్‌లు తెరుస్తారో అన్నీ తెరవండి, ఎక్సెల్ షీటో ఆన్‌లైన్ క్లాసో ఏది నడిపిస్తారో అది నడపండి. సిస్టమ్ మొరాయించడం మొదలవగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లండి. మెమరీ 90 శాతం దాటి, అదే సమయంలో డిస్క్ కూడా 100 దగ్గర కదలకుండా కూర్చుంటే లోటు చాలావరకు ర్యామ్‌దే. లోపల చోటు చాలక విండోస్ కొంత సరుకుని డిస్క్ మీదున్న పేజ్ ఫైల్‌లోకి తోసేసి, మళ్లీ అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటోందన్నమాట. మెమరీ 50, 60 దగ్గరే ఆగి డిస్క్ ఒక్కటే 100 చూపిస్తుంటే తప్పు డిస్క్‌ది. ఆ రెండూ తీరిగ్గా ఉండి సీపీయూ, అంటే ప్రాసెసర్, 100 కొడుతుంటే ర్యామ్ గానీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) గానీ మీకు పెద్దగా ఒరగబెట్టేది లేదు, ప్రాసెసర్‌కే వయసైపోయింది.

అదే పేజీలో కింద కమిటెడ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి, నా ఉద్దేశంలో అసలు చూడాల్సింది అదే. ఉదాహరణకి 4 జీబీ ఉన్న సిస్టమ్‌లో అక్కడ 6.8/7.9 అని ఉందనుకోండి (రెండోది ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి ఉన్న హద్దు), ప్రోగ్రామ్‌లు 6.8 జీబీ అడిగి పుచ్చుకున్నాయి, మీ దగ్గర ఉన్నది 4, మిగతాది డిస్క్ భరించాల్సి రావచ్చు. ఇలాంటి సిస్టమ్‌కి 8 చేస్తే మార్పు ఆ రోజే తెలుస్తుంది. అలా కాకుండా 8 జీబీ సిస్టమ్‌లో కమిటెడ్ ఎప్పుడూ 5 దాటకపోతే 16 వేసినా రోజువారీ పనిలో తేడా కనిపించదు. ఖాళీ ర్యామ్‌ని విండోస్ డిస్క్ క్యాష్‌గా వాడుకుంటుంది, నిజమే, కానీ అంతకోసం కొనక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీనా, ర్యామా?

రెండూ కొనగలిగితే ఈ ప్రశ్నే లేదు. ఒక్కటే కొనగలిగిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను, పాత సిస్టమ్‌ని ఇంకా వాడుతున్న చాలామంది పరిస్థితి అదే కదా.

నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక చిన్న ఫైల్ ముక్క దొరకాలంటే హెడ్ సరైన గీత మీదికి జరగాలి, ఆ గీత తిరిగి హెడ్ కిందకి రావాలి, రెండూ కలిపి ఇంచుమించు 12 మిల్లీసెకన్లు. సెకనుకి 80 చిన్న ముక్కలకి మించి తేలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ తగిలించే కేబుల్‌కే తగిలేది) అదే పని 0.1 మిల్లీసెకను దగ్గర్లో చేసేస్తుంది. విండోస్ ఆన్ అవ్వడం అంటే ఇలాంటి చిన్న ముక్కలు వేలకి వేలు ఏరుకోవడమే కాబట్టి, ఆన్ అవ్వడం దగ్గర, ప్రోగ్రామ్ తెరుచుకోవడం దగ్గర నస ఉంటే దానికి మందు ఎస్‌ఎస్‌డీ. అన్నీ తెరుచుకున్నాక, ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కి వెళ్తే పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవ్వడం, విండో మార్చగానే తెర తెల్లబోయి నాట్ రెస్పాండింగ్ అనడం, ఇవి ర్యామ్ చాలకపోతే వచ్చే లక్షణాలు.

నా తీర్పు ఇది. 8 జీబీ ఉండి హార్డ్ డిస్క్ ఉంటే కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీ ఇప్పటికే ఉండి 4 జీబీ ఉంటే ర్యామ్. 2 జీబీయే ఉంటే ముందు ర్యామే, ఎందుకంటే అంత తక్కువలో ఇప్పటి బ్రౌజర్ ఒక్కటీ సుఖంగా నడవదు. 4 జీబీ, హార్డ్ డిస్క్, ఈ జోడీ దగ్గరే అసలు తర్జనభర్జన, నేనైతే ముందు ఎస్‌ఎస్‌డీ కొంటాను. ర్యామ్ చాలక డిస్క్ మీద పడినా ఆ డిస్క్ ఎస్‌ఎస్‌డీ అయితే నొప్పి చాలా తగ్గుతుంది, పైగా రేపు ఈ సిస్టమ్ మూలపడినా సాటా ఎస్‌ఎస్‌డీ ఊడదీసి ఇంకో దాంట్లో పెట్టుకోవచ్చు. డీడీఆర్3 స్టిక్ (పాత తరం ర్యామ్) అలా కాదు, డీడీఆర్3 మదర్‌బోర్డులతోనే దాని జీవితం. మా అక్కవాళ్ల సిస్టమ్ ఇలాంటిదే, ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ఒకటే స్టిక్, పాత హార్డ్ డిస్క్. ముందు ఎస్‌ఎస్‌డీ వేశాం, నాలుగు నెలల తర్వాత ఇంకో 4 జీబీ కలిపాం. మొదటిదానికి తను "ఇది కొత్త సిస్టమ్‌లా ఉందిరా" అంది, రెండోదాన్ని గమనించడానికి వారం పట్టింది. కాకపోతే గమనించిన విషయం సరైనదే: పిల్లల వీడియో క్లాసు నడుస్తుండగా తన బిల్లుల షీట్ తెరిస్తే ఇప్పుడు క్లాసు ఆగట్లేదు అని.

ఏ రకం ర్యామ్? ఇక్కడ తప్పు చేస్తే డబ్బు వృథా

డెస్క్‌టాప్ ర్యామ్‌లో డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 అని తరాలున్నాయి, ఒకదాని చోట ఇంకోటి పనికిరాదు. డీడీఆర్2కీ డీడీఆర్3కీ రెండింటికీ 240 పిన్నులే, పొడవూ ఒకటే, దూరం నుంచి చూస్తే కవలల్లా ఉంటాయి, కానీ కింద అంచులో ఉండే గంటు చోటు వేరు, కరెంటు కూడా వేరు: డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5. డీడీఆర్4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. స్లాట్‌లో దిగట్లేదంటే బలంగా నొక్కకండి, ముందు ఆ గంటుని స్లాట్‌లోని అడ్డుకట్టతో పోల్చి చూడండి. తప్పు రకం దిగకూడదనే ఆ గంటు పెట్టారు.

డీడీఆర్3లోనే ఎల్ అనే అక్షరం తగిలించి డీడీఆర్3ఎల్ అని ఇంకోటి ఉంటుంది, అది 1.35 వోల్టుల మీద నడుస్తుంది. మామూలు డీడీఆర్3 బోర్డులో ఎల్ స్టిక్ వేసుకోవచ్చు, ఎందుకంటే దాన్ని 1.5 మీద కూడా నడిచేలాగే తయారుచేస్తారు. ఎల్ మాత్రమే అడిగే బోర్డులో మామూలు 1.5 స్టిక్ వేయకూడదు.

ఇంకో పొరపాటు చెప్తాను, దీనివల్ల మోసపోయిన వాళ్లు ఎక్కువ. "నాది ఐ5 ఆరో తరం, కాబట్టి డీడీఆర్4 కొన్నాను" అంటారు. 2015లో వచ్చిన ఆ ఆరో తరం ప్రాసెసర్లు డీడీఆర్4తోనూ పనిచేస్తాయి, డీడీఆర్3ఎల్‌తోనూ పనిచేస్తాయి, ఏ స్లాట్ పెట్టాలో బోర్డు చేసినవాళ్ల ఇష్టం. కాబట్టి ప్రాసెసర్ పేరు చూసి కొనొద్దు. సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అందులో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ బోర్డు మోడల్‌ని, మెమరీ ట్యాబ్ రకాన్ని, ఎస్‌పీడీ ట్యాబ్ ఏ స్లాట్‌లో ఏ స్టిక్ ఉందో చెప్తుంది. అన్నిటికన్నా నమ్మకమైనది మాత్రం క్యాబినెట్ మూత తీసి స్టిక్ మీద లేబుల్ కళ్లతో చదవడమే. పీసీ3-12800 అని ఉంటే అది డీడీఆర్3 1600, పీసీ3-10600 అంటే డీడీఆర్3 1333, పీసీ2-6400 అంటే డీడీఆర్2 800, పీసీ4-19200 అంటే డీడీఆర్4 2400. పీసీ తర్వాత వచ్చే మొదటి అంకే తరం, దాని వెనకున్న పెద్ద అంకె సెకనుకి ఎన్ని మెగాబైట్లు అన్నది.

ఈ లేబుల్ చదవడం నేర్చుకున్నది నేనొకసారి తప్పు కొన్నాకే. తమ్ముడి దగ్గర జీ41 చిప్‌సెట్ (బోర్డు మీద భాగాలన్నిటినీ కలిపి నడిపే చిప్) ఉన్న బోర్డు ఉండేది, డీడీఆర్3 స్లాట్లు రెండు, గరిష్ఠంగా 8 జీబీ అని మాన్యువల్ చెప్తోంది. నేను 4 జీబీ స్టిక్ ఒకటి తెచ్చాను, 1600, చూడ్డానికి కొత్తగా ఉంది, ఒకవైపు మాత్రమే ఎనిమిది నల్లటి చిప్‌లు. వేసి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, బీప్ మీద బీప్. స్లాట్ మార్చాను, రబ్బరుతో పిన్నులు తుడిచాను, బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పెట్టాను, ఏం చేసినా అదే. అమ్మినవాళ్లేమో స్టిక్ బాగానే ఉందన్నారు, అదీ నిజమే, వేరే సిస్టమ్‌లో వెంటనే పనిచేసింది. కారణం చిప్‌ల లెక్కలో ఉంది. 4 జీబీని ఎనిమిది చిప్‌లలో సర్దితే ఒక్కో చిప్ 512 మెగాబైట్లు, అంటే 4 గిగాబిట్లు (ఒక బైటుకి ఎనిమిది బిట్లు). ఆ పాత చిప్‌సెట్‌కి 2 గిగాబిట్ల చిప్ వరకే తెలుసు. అదే 4 జీబీని రెండువైపులా కలిపి పదహారు చిప్‌లలో సర్దిన స్టిక్ వేస్తే, ఒక్కో చిప్ 2 గిగాబిట్లే కాబట్టి, మొదటిసారికే ఆన్ అయింది. లేబుల్ మీద 1ఆర్‌ఎక్స్8 అని ఉంటే ఎనిమిది చిప్‌లది, 2ఆర్‌ఎక్స్8 అని ఉంటే పదహారు చిప్‌లది. జీ41 లాంటి పాత బోర్డులున్నవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. రెండో తరం ఐ3, ఐ5 నుంచి ఈ ఇబ్బంది లేదు, అవి 4 గిగాబిట్ల చిప్‌లు తీసుకుంటాయి, ఒక్కో స్లాట్‌లో 8 జీబీ స్టిక్ నడుస్తుంది. 16 జీబీ డీడీఆర్3 స్టిక్ మాత్రం రెండు, మూడు, నాలుగో తరం ఇంటెల్ సిస్టమ్‌లలో పనిచేయదు, ఎవరైనా అమ్మజూపినా తీసుకోవద్దు.

మరో రెండు వలలు కూడా ఉన్నాయి. ఏఎండీకి మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాసి చవగ్గా అమ్మే స్టిక్‌లు ఇంటెల్ బోర్డులో బూట్ కావు. అలాగే సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ (తప్పులు సరిదిద్దుకునే సర్వర్ రకం), అది సాధారణ డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా దిగుతుంది కానీ సిస్టమ్ మాత్రం ఆన్ కాదు. లేబుల్‌లో పీసీ3-12800 తర్వాత ఆర్ అని ఉంటే సర్వర్‌ది, యూ అని ఉంటే మనది. చిప్‌లు లెక్కపెట్టినా తెలుస్తుంది, ఎనిమిది బదులు తొమ్మిదో, పదహారు బదులు పద్దెనిమిదో ఉండి, మధ్యలో వేరే ఆకారంలో ఇంకో చిప్ కూర్చుని ఉంటే పక్కన పెట్టేయండి. అంత చవగ్గా 8 జీబీ దొరుకుతోందంటే ముందు ఈ అనుమానమే రావాలి.

బోర్డు ఎంతవరకు తీసుకుంటుంది?

పాత కోర్ 2 డుయో కాలం ఇంటెల్ సిస్టమ్‌లలో మెమరీని నడిపేది ప్రాసెసర్ కాదు, బోర్డు మీదున్న చిప్‌సెట్, అందుకే హద్దు చిప్‌సెట్‌ని బట్టి ఉంటుంది. జీ31 అయితే 4 జీబీ, జీ41 అయితే 8. ఆ తర్వాత మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోకే వెళ్లిపోయింది. హెచ్61, హెచ్81 బోర్డుల్లో సాధారణంగా రెండు స్లాట్లు, 16 జీబీ వరకు, నాలుగు స్లాట్ల బోర్డులైతే 32 వరకు. కంపెనీ సిస్టమ్ అయితే దాని మోడల్ నంబరు పెట్టి తయారీదారు సైట్‌లో మాన్యువల్ దింపుకుని చూడండి, రెండు నిమిషాల పని.

ఇంకొకటి, విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే సిస్టమ్ టైప్ అని ఉంటుంది. 32 బిట్ అయితే మీరు 8 వేసినా అది 4 దాటి చూడలేదు, ఆ నాలుగులో కూడా పరికరాలకి కొంత పోగా చేతికొచ్చేది 3 పైచిలుకే. అలాంటప్పుడు ర్యామ్‌తో పాటు 64 బిట్ విండోస్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి, ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, కాబట్టి ఫైళ్లు ముందే వేరే చోట దాచుకోండి.

ఇంకో స్టిక్ కలపడమా, జత మార్చడమా?

ఒక స్లాట్ ఖాళీగా ఉందా లేదా అన్నదాని మీదే దాదాపు అంతా తేలిపోతుంది. 4 జీబీ ఒకటే ఉండి పక్క స్లాట్ ఖాళీ అయితే ఇంకో 4 కలపండి, ఉన్నది పారేయక్కర్లేదు, పైగా రెండు స్టిక్‌లు రెండు ఛానెళ్లలో (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారులు) పడి డ్యూయల్ ఛానెల్ వస్తుంది. డీడీఆర్3 1600 ఒక ఛానెల్‌లో సెకనుకి 12.8 గిగాబైట్లు మోస్తే రెండింటిలో 25.6. ఈ రెట్టింపు అందరికీ ఒకేలా అనుభవంలోకి రాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద ఆధారపడిన సిస్టమ్‌లో ఆటలాడితే స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ లేదు, ఇదే దారి. ఎక్సెల్, బ్రౌజర్, టైపింగ్ పనుల్లో మాత్రం తేడా కనిపెట్టడం కష్టం.

కొత్త స్టిక్ పాతదాని కంపెనీదే అయ్యుండాలా అని చాలామంది భయపడతారు. అయితే మంచిదే, కాకపోయినా డీడీఆర్3లో చాలావరకు కలిసి నడుస్తాయి. 1333 పక్కన 1600 వేస్తే రెండూ 1333 మీద నడుస్తాయి, అంతే. వోల్టేజీ ఒకటిగా ఉండేలా మాత్రం చూసుకోండి, ఒకటి ఎల్, ఇంకోటి 1.5 అయితే బోర్డు 1.5 ఇవ్వగలదో లేదో ముందే తెలుసుకోండి. సైజు వేరైతే డ్యూయల్ ఛానెల్ పోతుందని కూడా అంటారు, పూర్తిగా నిజం కాదు. ఇంటెల్ బోర్డుల్లో ఫ్లెక్స్ మోడ్ ఉంటుంది, 4 పక్కన 8 వేస్తే, 4కి 4 జతపడి 8 జీబీ డ్యూయల్‌లో నడుస్తుంది, మిగిలిన 4 సింగిల్‌లో నడుస్తుంది. మొత్తం 12 జీబీ వచ్చింది కదా, అది చూడండి. చోటు చాలకపోతే పడే దెబ్బ ముందు ఛానెల్ తేడా చాలా చిన్నది, ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

చిక్కంతా 2, 2 పెట్టి రెండు స్లాట్లూ నింపేసిన సిస్టమ్‌ల దగ్గర. ఇక్కడ ఏదో ఒకటి తీయక తప్పదు. 4, 4 వేయడమా, లేక ఒకే 8 వేసి పక్కన పాత 2 ఉంచేసుకోవడమా? ఇంకో రెండేళ్లు ఈ సిస్టమ్‌తో మామూలు పనులే అనుకునేవాళ్లకి, పిల్లలు చిన్నాచితకా ఆటలు ఆడే ఇళ్లకి 4, 4 జత బాగుంటుంది. రేపు 16 కావాల్సి రావచ్చు అనిపిస్తే, అంటే వర్చువల్ మెషీన్లు (సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్) నడపడం, ఫొటోల పని, కోడింగ్ నేర్చుకోవడం లాంటివి మనసులో ఉంటే, ఇప్పుడు ఒకే 8 కొనండి, తర్వాత ఇంకో 8 కలుపుకోవచ్చు. ఇప్పుడు 4, 4 కొని ఏడాదికే అవి రెండూ తీసి పక్కన పెట్టాల్సి వస్తే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు.

స్పీడ్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. రెండో తరం ఐ3, ఐ5 అధికారికంగా 1333 వరకే, మూడో తరంలో మామూలు ఐ3, ఐ5 1600 వరకు. 1866 కొన్నా అది కిందికి దిగి నడుస్తుంది. లేటెన్సీ, అంటే అడిగింది ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే ఆలస్యం, లెక్క చూసినా పెద్ద తేడా రాదు: 1333 స్టిక్‌లో సీఎల్9 (లేబుల్ మీద ఉండే ఆలస్యం అంకె) అంటే తొమ్మిది సార్లు 1.5 నానోసెకన్లు, మొత్తం 13.5. 1600 స్టిక్‌లో సీఎల్11 అంటే పదకొండు సార్లు 1.25, మొత్తం 13.75. స్పీడ్ పట్టించుకోవాల్సిన వాళ్లు ఒకరున్నారు, ఏఎండీ ఏఎమ్4 సాకెట్ మీద లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ ప్రాసెసర్ వాడేవాళ్లు. వాళ్లు డీడీఆర్4 3200 జత కొని, బయాస్‌లో (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎమ్‌పీ, అంటే స్టిక్‌ని దాని పూర్తి స్పీడ్ మీద నడిపే సెట్టింగు, ఆన్ చేసుకోవాలి, లేకపోతే అది 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోవచ్చు.

పాత స్టిక్‌లు కొనొచ్చా?

కొనొచ్చు. కంప్యూటర్ భాగాల్లో సెకండ్ హ్యాండ్ కొనడానికి నేను భయపడని వస్తువు ర్యామ్. తిరిగేవి లేవు, అరిగేవి లేవు, చెడితే పరీక్షలో తెలిసిపోతుంది. ఆఫీసుల సిస్టమ్‌ల నుంచి తీసిన శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్ స్టిక్‌లు దొరికితే, అంటే చిప్‌లు తయారుచేసే కంపెనీల సొంత లేబుల్ ఉన్నవి దొరికితే, పేరు తెలియని మెరిసే కొత్త స్టిక్ కన్నా నేను వాటినే తీసుకుంటాను. ఒక్కటే షరతు, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామని అమ్మేవాళ్లు ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే స్టిక్ మంచిదైనా మీ బోర్డుకి పడకపోవచ్చు, జీ41 దగ్గర నాకు జరిగిందదే.

కోర్ 2 డుయో, డీడీఆర్2 సిస్టమ్ అయితే ర్యామ్ మీద డబ్బు పెట్టొద్దనే చెప్తాను. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఊరికే పడున్న స్టిక్ దొరికితే వేసుకోండి, కొనడం మాత్రం వద్దు. 4 జీబీ డీడీఆర్2 స్టిక్‌లు అరుదు, దొరికినా సామర్థ్యంతో పోలిస్తే ధర ఎక్కువ, దొరికేవాటిలో కొన్ని పైన చెప్పిన ఏఎండీ రకం. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి నాలుగో తరమో ఆ పైదో వాడిన ఆఫీసు డెస్క్‌టాప్ తీసుకుంటే అన్నీ ఒకేసారి మెరుగవుతాయి.

మిగతావాళ్లూ ఒక విషయం లెక్కలో పెట్టుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, టీపీఎమ్ 2.0 (భద్రత కోసం ఉండే చిప్) ఉన్న సిస్టమ్‌లకే. ఎంత ర్యామ్ వేసినా మూడో తరం ఐ5 ఆ జాబితాలోకి రాదు. అలాగని సిస్టమ్ పనికిరాదని కాదు, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్న అలాంటి సిస్టమ్ మీద లినక్స్ మింట్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) హాయిగా నడుస్తుంది, బ్రౌజర్, ఆఫీస్ పనులకి నేను మనస్ఫూర్తిగా చెప్తాను. విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంట్స్ ప్రోగ్రామ్ ఏదైనా తప్పనిసరి అయితే మాత్రం ఇప్పుడు 16 జీబీ దాకా పోవద్దు, 8 దగ్గర ఆగి, మిగిలింది తర్వాతి సిస్టమ్ కోసం దాచుకోండి.

వేసేటప్పుడు

ప్లగ్ పీకేయండి, ఊరికే షట్‌డౌన్ చేస్తే చాలదు, బోర్డుకి కరెంటు అందుతూనే ఉంటుంది. పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుము భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, స్టిక్‌ని అంచులతోనే పట్టుకుని, గంటు సరిచూసి, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కండి, క్లిప్ దానంతట అది టక్కున పడాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే ఉంటుంది, రెండోవైపు సరిగ్గా దిగిందో లేదో అక్కడే పొరబడతారు, పైకి పడినట్టే కనిపించినా ఆ చివర ఒక మిల్లీమీటరు లేచి ఉంటుంది. బీప్‌లు వస్తే చాలాసార్లు కారణం ఇదే, స్టిక్ పాడవ్వడం కాదు. పాత స్టిక్‌ల బంగారు రంగు పిన్నులు నల్లబడి ఉంటే మెత్తటి తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది పొడి దులిపేయండి. స్లాట్‌లో దుమ్ముంటే బ్రష్షుతో.

ఆన్ అయ్యాక టాస్క్ మేనేజర్‌లో మొత్తం జీబీ చూసుకోండి, సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో ఛానెళ్లు రెండు చూపిస్తోందో లేదో చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు పక్కపక్కన పెడితే ఒకే ఛానెల్‌లో పడే అవకాశం ఉంది, చాలా బోర్డుల్లో ఒకటి వదిలి ఒకటి పెట్టాలి. తర్వాత ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ని పరీక్షించే ఉచిత ప్రోగ్రామ్) పెన్‌డ్రైవ్‌లో వేసి, సిస్టమ్‌ని దాని నుంచే బూట్ చేసి వదిలేయండి, కనీసం ఒక పాస్, అంటే ఒక పూర్తి చుట్టు, పూర్తవ్వాలి, రెండు మూడైతే ఇంకా మంచిది. ఎర్రర్ల దగ్గర సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా, "ఒక్కటే కదా" అని వదిలేయకండి, స్టిక్‌లు ఒక్కొక్కటిగా పెట్టి మళ్లీ పరీక్షించి, ఎర్రర్ ఇస్తున్నదాన్ని వెనక్కి ఇచ్చేయండి. చెడ్డ ర్యామ్ సిస్టమ్‌ని ఆపేయకుండానే నెలల తరబడి ఫైళ్లని నిశ్శబ్దంగా పాడుచేయగలదు, ఫొటోలు పోయాక తెలుస్తుంది. ఈ పరీక్ష పూర్తయ్యి వారం పది రోజులు సిస్టమ్ సాఫీగా నడిచేదాకా తీసేసిన పాత స్టిక్‌లు ఎవరికీ ఇచ్చేయొద్దు, వచ్చిన ప్లాస్టిక్ పెట్టెలోనే వేసి క్యాబినెట్ పక్కన ఉంచండి.